మీరు కోసేసిన పలకలు

లోవరాజు బావగారికి నమస్కారాలండి.

మా అమ్మాయి ఉషారాణికి కాకినాడ కాలేజీలో కెమిస్ట్రీ ప్రొఫెసరుగా పర్మినెంటు ఉద్యోగం వచ్చిందండీ! ఆనందంతో నా కాళ్లు నేలమీద నిలవడం లేదు. ఇందులో తమరి చెయ్యి కూడా ఉంది మరి.

దాని పరిశోధన హైబ్రిడ్ పాలిమర్ మీద కదా, అంటే ప్లాస్టిక్కులో గాజు కలిపి చేసే పూతంట. ఆ పూత ఉప్పునీటికి ఆగుతుందో లేదో చూద్దామని, పూత పూసిన పలకలు నా పడవ కింద కట్టింది కదా. అవి మీ చేపల్ని నా వలలోకి లాగే మంత్రపు రేకులని తమరు కనిపెట్టి, కోసి సముద్రంలో పారేశారు. అంత తెలివి మన రేవులో ఇంకెవరికుంది లెండి! పిల్ల ఏడ్చింది, ఏడాది పోగొట్టుకుంది, మళ్లీ కట్టింది. ఆ రెండోసారి కట్టినవే ఉద్యోగం తెచ్చాయి.

ఇప్పుడు కొత్త పూతకి పరీక్షంట. పలకలు మీ పడవకే కడతానంటోంది.

"వద్దే, మీ మావయ్య మళ్లీ కోసేస్తాడు" అన్నాను.

"కొయ్యడు నాన్నా! చేపలన్నీ తన వల్లోకే వస్తాయని పడవ దగ్గరే కాపలా పడుకుంటాడు" అని ఒకటే నవ్వు.

ఆదివారం తాళ్లు పట్టుకుని వస్తోంది. వద్దంటే చెప్పండి, నా పడవకే కట్టిస్తాను. తరవాత చేపలు పడలేదని మాత్రం నన్ను అనకండి.

మీ బావమరిది