రమ పాపకు టోపీ

సారపాక, డిసెంబరు 2005
బుధవారం రాత్రి

నా స్నేహితురాలు రమకు నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టిందని తెలిసి సాయంత్రం భద్రాచలం దవాఖానాకు వెళ్లాను. ఆ పిల్ల కోసం నేను అల్లిన పసుపు స్వెట్టర్ సంచిలోనే ఉంది. బయటికి తీయగానే రమ అత్త వారించింది.

"ఇప్పుడే కొత్త బట్టలు వద్దు బిడ్డా. పిల్లను జర తేరుకోనియ్."

ఆమె ముఖంలో భయం చూసి స్వెట్టర్ మళ్లీ సంచిలో పెట్టేశాను. పాపను ఉంచిన గది అద్దంలోంచి చూశాను. స్వెట్టర్ చేయి ఒక్కటే ఆ పిల్లంత ఉంది. వచ్చేసేటప్పుడు రమ నా చెయ్యి పట్టుకుని మెల్లగా అంది, "తలకు చల్లగాలి తగలొద్దని నర్సమ్మ చెప్పింది. టోపీ అల్లి తీస్కరావే. మా అత్తకు నేను చెప్పుకుంట."

ఉన్న ఊలంతా స్వెట్టర్‌కే అయిపోయింది. నేను బస్సు దిగేసరికి దుకాణాలు మూసేశారు. చివరికి స్వెట్టర్ చేయి ఒకటి విప్పాను. ఊలు ఉండ చుడుతుంటే ఒకటే శంక. పాప కోసం అల్లింది విప్పడం మంచిదేనా?

ఆ మాట పైకే అన్నాను. మా ఆయన విని, "టోపీ కోసమే కదా, గట్లెందుకనుకుంటవ్?" అన్నాడు. ఆయన నిద్రపోయాడు. నాకే మనసు కుదురుగా లేదు. ఆ పిల్ల ఇప్పుడు పాలు తాగుతోందో లేదో.

ఏదైనా కబురుంటే రమ వాళ్లు మా పక్కింటికి ఫోన్ చేస్తారు. ఇందాక అక్కడ ఫోన్ మోగింది. సూదులు ఆపి తలుపు వైపే చూస్తూ కూర్చున్నాను. ఎవరూ రాలేదు. మళ్లీ అల్లడం మొదలుపెట్టాను.