రౌటర్‌లో పెట్టిన హద్దు

షారోన్,

నీ ఫోన్ అప్‌లోడ్‌కు రౌటర్‌లో హద్దు పెట్టాను, తీసేయకు. కేబుల్ నాగయ్యకు క్షమాపణ చెప్పు. "నీ వైరే ఖరాబైంది, సూస్కో" అని మూడు రోజులు తిట్టావు. పాపం, రెండుసార్లు స్తంభమెక్కాడు. తప్పు వైరుది కాదు. నువ్వు నాలుగింటికి ఇల్లు చేరగానే నీ ఫోన్ నీ స్నేహితురాలు సంతోషి పెళ్లి వీడియోలన్నీ నెట్‌లోకి ఎక్కిస్తోంది. మన నెట్ దారంతా అవే ఆక్రమించడంతో నా గొంతు కోదాడ చేరడం లేదు. చూపులేని మా చెల్లెలు ఎస్తేరుకు రోజూ ఆ వేళకు నేను ఫోన్లో చదివే పత్రికే లోకం. నిన్న సగంలో మాట తెగితే, "అక్కా, నాకు సదివి సదివి ఇసుగొచ్చిందా?" అని అడిగింది. ఆ మాట నేను పడాలా? హుజూర్‌నగర్ మీదుగా కోదాడ వెళ్లే బస్సెక్కుతున్నాను. మిగిలిన సగం ఆమె పక్కన కూర్చునే చదువుతాను.

నాయనమ్మ

ఆ పెళ్లిలో నువ్వు ఆడిన కోలాటం వీడియో పూర్తిగా వెళ్లాకే హద్దు పెట్టాను.