ఖాళీ తెలియని మాటలు

మందమర్రి,
1963 మార్చి 12.

పూజ్యులైన మీకు ప్రభువు నామంలో ఎలీసబెతు వందనాలు. ఇక్కడ అందరం క్షేమం. సముద్రం అవతల మీరూ అలాగే ఉన్నారని వింటే మనసు కుదుటపడుతుంది.

ముందు ఇంటి సంగతులు. కొత్త చింతపండు గింజ తీసి, ఎండబెట్టి జాడీకెత్తాను. పొయ్యి బొగ్గు తడవకుండా తడక కట్టించాను. పిల్లలు పరీక్షలకు చదువుతున్నారు.

ఇంగ్లండు గనిలో శిక్షణ బాగానే ఉంది గానీ, అక్కడివాళ్ల మాట చెవికి చిక్కడం లేదని రాశారు. పుస్తకంలో ‘కమ్’, ‘ఆన్’, ‘అప్’ అని మూడు మాటలు. మేస్త్రీ నోట ఒక్కటే, ‘కమానప్’. మీరు మొదటి మాట వెతుక్కుంటుండగానే అందరూ పైకి వెళ్లిపోయారట. చదివి నవ్వాను. తర్వాత నవ్వలేకపోయాను.

మీ అవ్వ ఆ ఉత్తరం మళ్లీ మళ్లీ చదివించుకుంది. అప్పటినుంచి రేడియోలో ఇంగ్లీషు వార్తలు మొదలైతే చాలు, చేతిలో పని వదిలేసి వచ్చి కూర్చుంటోంది. పక్కింటి ఐలవ్వ ఊరుకుంటుందా? “ఏందవ్వా, దొరసానివైతున్నవా? ఒక్క ముక్కన్న సమజైతుందా?” అని వెక్కిరించింది.

“సమజ్ గాకుంటేంది? గసొంటి మాటలే గదా నా కొడుకు చెవుల పడేది. నేను గూడ వింట” అంది అవ్వ.

నేనూ పక్కన కూర్చుని విన్నాను. వాళ్ల మాట చివరి అక్షరం అక్కడ ఆగదు, పక్క మాట ఒడిలోకి జరుగుతుంది. ‘నాట్ ఎట్ ఆల్’ అన్నది ‘నాటెటాల్’ అయిపోతుంది. ‘లాస్ట్ నైట్’లో మధ్య ‘ట్’ ఉందో లేదో కూడా తెలియదు. మనం మాత్రం? ‘ఎప్పుడు వస్తడు అంటవు’ అని విడివిడిగా ఎవరంటారు? ‘ఎప్పుడొస్తడంటవ్’ అంటాం. మాటల మధ్య ఖాళీ కాగితం మీదే, నోటికి తెలియదు. మీరు ఒక్కొక్క మాటా వెతకకండి. వాళ్ల ఊపిరి ఆగేదాకా అంతా ఒక్కటే మాట అనుకుని వినండి.

మరో ఏడాది ఉండమంటున్నారు, ఉండనా అని అడిగారు. పై ఉద్యోగం వస్తుంది, ఉండడమే మంచిదని నా అభిప్రాయం. మీ అవ్వ మాత్రం “పెద్ద కొలువు లేకుంటేంది, ఇంటికి రమ్మను” అంటోంది. తల్లి మనసు. ఆలోచించుకోండి.

ఇట్లు,
మీ ఎలీసబెతు.

తా.క. కవరు అంటించబోయి ఆగాను. అవ్వ ఖానాపూర్‌లో మీ చెల్లెలింటికి వెళ్లి నెల దాటింది, బాగానే ఉంది. రేడియో ముందు కూర్చునేది నేనే. ఐలవ్వ ‘ఏందక్కా’ అంటే ‘ఏందవ్వా’ అని రాశాను. నేను ‘ఆయన చెవుల’ అంటే ‘నా కొడుకు చెవుల’ అని మార్చాను. మీకు చెప్పాల్సింది అత్త నోట చెప్పించడమే పెళ్లయిన నాటి నుంచీ నాకు అలవాటు. ఇప్పుడు ఆమె ఇంట్లో లేదు. ఉండొద్దు, వచ్చెయ్యండి. రెండు మాటలుగా రాశాను గానీ, నా నోట అవి ఒక్కటే.