బల్ల మీద యాంగ్ గారి కార్డు

దాన్‌బీ నాన్నా,

పిల్లను తీసుకుని ఎగ్జిబిషన్‌కి వెళ్తున్నా. సముద్రపు నాచు సూపు పొయ్యి మీదుంది, వేడిచేసుకుని తాగు. పదకొండింటికల్లా మిల్లులో బియ్యప్పిండి కేకులు తీసుకుని స్టాల్‌కి రా.

వచ్చాక ఎవరికీ వంగి వంగి దండాలు పెట్టకు. మనలాగే పుట్టినరోజు బల్లలు అద్దెకిచ్చే ఎదురు స్టాల్ యాంగ్ గారు నిన్న విజిటింగ్ కార్డిస్తే రెండు చేతులా అందుకున్నావు, సరే. వెంటనే జేబులో పెడితే ఆయనకు అవమానమని మన బల్ల మీదే పెట్టావు, దారం, కుంచె, బియ్యం పక్కన! "మొదటి పుట్టినరోజున పిల్ల ఏది పట్టుకుంటే అదే దాని రాత" అని డేగూ ఊళ్ళోని తల్లులందరికీ మైకులో ఊదరగొట్టిందీ నువ్వే. తీరా బల్ల ముందు కూర్చోబెడితే మన దాన్‌బీ అన్నీ వదిలేసి ఆ కార్డే పట్టుకుంది. జనం ఒకటే చప్పట్లు. "ఈ యాంగ్ గారి స్టాల్ ఎక్కడండీ?" అని ఒకావిడ అడిగితే, నువ్వు దగ్గరుండి తీసుకెళ్ళి చూపించావు. తమరి మర్యాద మండిపోను!

ఇవాళ బల్ల నేనే సర్దుతా. నీ చేతులు జేబుల్లోనే ఉండాలి.

దాన్‌బీ అమ్మ

నీ రెండో సాక్సు కోసం వెతక్కు. పొద్దున బల్ల సామానంతా నేలమీద పరిచి పిల్లను వదిలి చూశా. దారం వద్దంది, డబ్బు వద్దంది, పాక్కుంటూ పోయి నీ మాసిన సాక్సు పట్టుకుంది. ఇంకా వదల్లేదు. ఎంచుకోవడంలో అచ్చం తల్లి పోలికే.