గజ్జె కట్టిన పిల్లి

కబ్బన్‌పేట, బెంగళూరు
1944 ఏప్రిల్

చెల్లెలు చౌడమ్మకు అన్న దీవెనలు.

నీ కూతురి సీమంతం దగ్గరపడినా చీర రాలేదని కోపంగా రాశావు. నా మగ్గం మీద చీర ఆలస్యం కావడం ఇదే మొదలు. కారణం విను.

మగ్గం మీది పడుగు పోగులకు పెట్టిన గంజి కోసం ఎలుకలు వస్తాయనే కదా మేము పిల్లిని సాకేది! ఆ పిల్లి పెరటి దానిమ్మలో గూడు కట్టిన పికిలిపిట్టల జంటలో ఒకదాన్ని చంపి, నీ వదిన కాళ్ల ముందు పెట్టింది. గూట్లో ఇంకా రెక్కలు రాని పిల్లలున్నాయి. "మనం సాకిన పిల్లి చేసే పాపం మనదే" అని ఆమె మా చిన్నదాని కాలిగజ్జె ఒకటి తీసి పిల్లి మెడకు కట్టింది.

గజ్జె మోగగానే మిగిలిన పిట్ట తప్పించుకునేది. ఎలుకలూ అంతే! పిల్లి వచ్చేలోపు దాక్కుని, అది పోగానే నీ చీర పడుగు కొరికేశాయి. ఎదురింటి మునినారాయణప్ప పగలబడి నవ్వాడు.

"గజ్జె కట్టి ఎలకలకు కబురు పంపిస్తా ఉండావేమప్పా! తీసెయ్యి."

నేను తీయలేదు. నాలుగు తరాల నేతగాణ్ణి, ఎలుకల కోసం ఆ గూడు పాడుచేస్తానా? కలుగులన్నీ గాజుపెంకులు, సున్నం పెట్టి పూడ్చాను. ఈ యుద్ధకాలంలో కొత్త పట్టు దొరకదు కనుక తెగిన పోగులన్నీ ఒక్కొక్కటిగా అతికాను.

నిన్న పిట్టపిల్లలు ఎగిరిపోయాయి. ఈ రోజు చీర మగ్గం దిగింది. మీ ఊరికి వస్తున్న రామయ్య చేతికిచ్చి పంపుతున్నాను. ఎలుక కొరికిన చోటు ఎక్కడుందో పట్టపగలు వెతుకు. నీ వేలికి ఒక్క అతుకు తగిలినా, మగ్గం గుంటలో మళ్లీ కాలు పెట్టను.

నీ అన్న