కారు కింద గేటు రంగు

మహారాజశ్రీ అన్నయ్యగారి సముఖానికి చెల్లెలు చేతులు జోడించి రాసే విన్నపం. చేతులకు గ్రీజు ఇంకా వదల్లేదు. కాగితం మీద మరకలుంటే తమరు పెద్దమనసుతో మన్నించాలి.

ఇక్కడ అందరం క్షేమం. ఈ ముక్క లేకపోతే ఉత్తరం ఉత్తరమే కాదని అమ్మ నేర్పింది కాబట్టి రాశాను. నిజమో కాదో చివర్లో తేలుతుంది. అక్కడ తమరు కూడా క్షేమంగా ఉండాలి. కనీసం ఆదివారం దాకా ఉండాలి. ఎందుకంటావా, అదీ చివర్లోనే.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. గేటు ఎలా ఉందని అడిగావు. వెళ్లేముందు నువ్వు రంగు వేసిన గేటు నెమలికంఠం రంగులో నిగనిగలాడుతోంది. దారినపోయేవాళ్లు ఆగి మరీ చూస్తున్నారు. ఆ రంగు సంగతి మళ్లీ ఎత్తుతాను.

అమ్మ ఎందుకు రాయడం లేదు, వీధి పిల్లల్ని బడికి దింపుతూనే ఉందా అని అడిగావు. లేదు. మానేసింది. నీకు రాయొద్దని నా చేత ఒట్టు వేయించుకుంది. ఇదిగో, ఒట్టు గట్టున పెట్టాను.

ఆ రోజు పిల్లల్ని బడి దగ్గర దించేసి వస్తోంది. కట్టెల అడితి మలుపులో స్టీరింగు ఇటు తిప్పితే కారు వెనక భాగం అటు పోయింది. పోయి పోయి అడితి గోడకి ఆనుకుంది. అమ్మకి గీత కూడా పడలేదు. కానీ ఇంటికి వచ్చి, తాళంచెవి మేకుకి తగిలించి, మంచినీళ్లు తాగి, "నా చెయ్యి పోయిందే," అంది.

"చెయ్యి బాగానే ఉంది కదమ్మా?"

"ఆ చెయ్యి కాదు. డ్రైవింగు చెయ్యి. వయసు మీద పడింది. పిల్లలు ఎక్కి ఉంటే?"

అంతే. ఇంటింటికీ వెళ్లి మీ పిల్లల్ని బస్సెక్కించుకోండమ్మా అని చెప్పి వచ్చింది. వీధంతా పైలటమ్మ అని పిలిచే మనిషి, లారీ వాడికి కూడా దారివ్వని మనిషి, ఇప్పుడు కూరగాయల కొట్టుకి గోడవారగా నడిచి వెళ్తోంది. కారు అమ్మేద్దాం అంటోంది. ఎదురింటావిడ "పోన్లెండి, ఇక విశ్రాంతి తీసుకోండి," అంటే అమ్మ తలూపింది. అమ్మ! తలూపింది! నేను గుమ్మంలో నిలబడి చూశాను.

ఆ వారంలోనే తమరి ఉత్తరం దిగింది. అక్కడ ఎండల గురించి ఒక పేజీ, హాస్టలు సాంబారు నీళ్ల గురించి అరపేజీ... చివర్లో చీమలంత అక్షరాలతో ఒక ముక్క: "కారు వెనక చప్పుడు ఏమైనా వస్తోందా?"

చప్పుడు గురించి నేను రాయలేదు. అమ్మ రాయలేదు. అసలు చప్పుడుందని మాకే తెలియదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ అడక్కుండానే తమరెందుకు తడుముకున్నారో నాకు అర్థం కాలేదు. అర్థం కాకపోతే నాకు నిద్ర పట్టదని నీకు తెలుసు.

కుట్టుమిషన్లు బాగుచేసే మావయ్యని పిలిపించాను. కారు కింద టార్చి వేసి చూసి, "వెనక ఇరుసు మొత్తం దింపాల్సిందే," అన్నాడు.

"నీకు కారు పని వచ్చా మావయ్యా?"

"మిషను విప్పి బిగించే చేతికి కారొక లెక్కటే? దానికి సూది ఉంటుంది, గుచ్చుకుంటుంది. దీనికి సూదే లేదు!"

చరిత్రలో డిగ్రీ తెచ్చుకున్న నేను, సూదికి భయపడే మావయ్య: ఇదీ మన సేన. వెనక భాగాన్ని జాకీతో లేపి, ఇనప స్టాండుల మీద నిలబెట్టాం. చక్రాలు ఊడదీశాం. బ్రేకు గొట్టాలు విప్పితే నూనె మావయ్య చొక్కా జేబులోకి కారింది. షాకబ్జార్బర్లు ఊడదీసి, ఇరుసు కింద జాకీ పెట్టి మెల్లగా దించితే, స్ప్రింగులు రెండూ చేతిలోకి వచ్చేశాయి. ఇక మిగిలినవి ఇరుసుని బండి ఒంటికి పట్టి ఉంచే రెండు పెద్ద బోల్టులు. తుప్పు పట్టి అలిగి కూర్చున్నాయి. పానాకి పైపు తొడిగి, దాని మీద నేనెక్కి నిలబడితే గానీ కదల్లేదు. నా బరువు గురించి మావయ్య అన్న మాట ఇక్కడ రాయను.

ఇరుసు నేల మీదికి వచ్చింది. మట్టి గీకాను. ఇరుసుకి ఎడమవైపు చెయ్యిలా ముందుకు సాగిన కమ్మీ మీద, బోల్టు పట్టే చోటుకి కాస్త ఇవతల, పుండు కట్టినట్టు వెల్డింగు. దాని పక్కనుంచి మళ్లీ చీలిన పగులు. వెల్డింగు మీద నెమలికంఠం రంగు.

మావయ్య ఇరుసు చూశాడు. గేటు చూశాడు. మళ్లీ ఇరుసు చూశాడు. "అల్లుడి కళాపోషణ," అన్నాడు. నవ్వలేదు. "అక్కకి చెప్పకే. తట్టుకోలేదు," అన్నాడు. చెప్పనని మాటిచ్చాను.

నేను తిన్నగా నీ కండల స్నేహితుడి వ్యాయామశాలకి వెళ్లాను. అంత లావు మనిషి ఎంత త్వరగా కక్కేశాడో తెలుసా? ఇనప బరువులన్నీ మన కారులోనే తరలించారట. స్పీడు బ్రేకరు మీద ఫెళ్లుమందట. కండలు వాడివి, నడుం విరిగింది మన కారుది. మీ ఇద్దరే అతుకు పెట్టారట, మిగిలిపోయిన గేటు రంగు పూశారట. "అమ్మకి తెలిస్తే మళ్లీ తాళం ఇవ్వదురా," అన్నావట.

ఇక్కణ్ణించి 'తమరు' రద్దు.

ఒరేయ్ అన్నయ్యా, విరగ్గొట్టినందుకు కాదు నా కోపం. విరిగేవి విరుగుతాయి. అతుకు నిలవదేమోనన్న అనుమానం నీకుంది. లేకపోతే చప్పుడు గురించి అడగవు. ఆ అనుమానాన్ని జేబులో పెట్టుకుని బస్సెక్కావు. గేటుకి రెండో పూత వేసే తీరిక దొరికింది, అమ్మకి ఒక్క మాట చెప్పే తీరిక దొరకలేదు. ఆ వెనక సీటులో రోజూ పిల్లలు కూర్చుంటారని నీకు తెలుసు. ఆ సీటు మీద చాక్లెట్టు మరకలు తుడిచింది నువ్వే కదరా! అమ్మ తన చేతులు తనే చూసుకుంటూ కూర్చుంటోంది. టీ గ్లాసు పట్టుకుని వణుకుతున్నాయా అని చూసుకుంటోంది. వణకడం లేదు. ఎప్పుడూ వణకలేదు.

పాత కార్ల యార్డులో అదే రకం ఇరుసు దొరికింది. ఎత్తి బిగించాం. ఆ ఊపులో ఆ పెద్ద బోల్టుల్ని, చక్రాలు గాలిలో ఉండగానే బిర్రుగా బిగించేశాం. దించి చూస్తే కారు తోక పైకెత్తి నిలబడింది, పొడవడానికి సిద్ధమైన కోడెలా. అప్పుడు, పని అయ్యాక, చదువుకున్నదాన్ని కనక పుస్తకం తీశాను. ఆ బోల్టులు రబ్బరు బుష్షుల్లోంచి వెళ్తాయి. చక్రాలు నేల మీద ఉండి, బండి బరువు ఇరుసు మీద కూర్చున్నాకే వాటిని బిగించాలట. గాలిలో బిగిస్తే బరువు పడగానే రబ్బరు మెలి తిరిగి చిరుగుతుందట.

మళ్లీ వదులు చేశాం. వెనక చక్రాల కింద మందపాటి దుంగ పలకలు పెట్టాం, ముందు చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టాం. నేను కిందికి దూరాను. మావయ్య పక్కనుంచి నట్టు పట్టుకున్నాడు. లోపల ఒక మనిషి బరువు ఉండాలి, బ్రేకు తొక్కి పట్టాలి. ఇంట్లో మిగిలింది ఒక్క మనిషే.

"అక్కా, కాస్త వచ్చి కూర్చో. నడపక్కర్లేదు," అన్నాడు మావయ్య.

అమ్మ చాలాసేపు రాలేదు. తర్వాత తలుపు తెరుచుకుంది. ముందు ఆ పాత చెప్పులు కనిపించాయి. తర్వాత అవీ పైకి వెళ్లిపోయాయి. నా నెత్తి మీద స్ప్రింగు మెల్లగా ఒదిగింది. గోడకి ఆనుకున్న రోజు తర్వాత అమ్మ ఆ సీటులో కూర్చోవడం అదే మొదలు.

ఇప్పుడు అసలు సంగతి. చెప్పేశానురా. చెప్పనని మావయ్యకి మాటిచ్చి, మావయ్య వింటుండగానే చెప్పేశాను. అమ్మ ముఖం కనిపించదు కనక ధైర్యం వచ్చింది. బోల్టు తిప్పుతూ, ఇనప బరువులూ అతుకూ గేటు రంగూ అన్నీ చెప్పాను. "నీ చెయ్యి పోలేదమ్మా. ఇరుసు పోయింది. వాడికి తెలుసు," అన్నాను. మావయ్య పానా వదిలేసి తల పట్టుకున్నాడు.

పైనుంచి వినిపించింది: "పిల్లలు ఎక్కి ఉంటే?"

అవే మాటలు. కానీ ఈసారి అడిగింది తనని తను కాదు.

"బిగించడం అయిందా?"

"అయిందమ్మా."

"అయితే ఇవతలికి రా. ఆ పలకలు తీయండి."

తాళంచెవి కొంగున ముడేసుకునే వచ్చిందట, నేను చూడలేదు! బ్రేకు నూనె సరిచూసుకుని, ఖాళీ కారుతో అడితి మలుపు దాకా వెళ్లింది. తిరిగొచ్చి మళ్లీ వెళ్లింది. ఎదురింటావిడ గుమ్మంలో ఉన్నప్పుడు మాత్రం హారను కొట్టింది, దేనికీ అడ్డు లేకపోయినా. దిగి తలుపు వేసి నన్ను అడిగింది: "వాడుండే హాస్టలుకి పొద్దున బయల్దేరితే ఎప్పటికి చేరతాం?"

ఆదివారం వస్తోంది. పాత ఇరుసు డిక్కీలో ఎక్కించమంది, రంగు కనపడేలా. నీకు ముందే చెప్పొద్దంది. కానీ ముప్పు వస్తోందని తెలిసీ చెప్పకపోవడం నీ పద్ధతి, నాది కాదు. అందుకే రాశాను. ఎవరినీ ఎదురు పంపకు, సాకు వెతుక్కోకు, హాస్టలు గేటు దగ్గర నువ్వే నిలబడు. కారు చప్పుడు వినపడగానే సర్దుకుందాంలే అనుకుంటావేమో.

చప్పుడు రాదు. బరువు మీద పడ్డాకే బిగించాను.

ఇట్లు,
నీ మీద ఇంకా కోపంగానే ఉన్న,
అయినా నువ్వు క్షేమంగా ఉండాలని పైన రాసింది నిజంగానే రాసిన,
చెల్లెలు