రవికలో దూది

చిత్రభాను, పుష్య బహుళ తదియ

వానలు పడే రోజుల్లో, గడ్డ లేచిందని పట్నం దవాఖానలో కుడి రొమ్ము తీసేశారు. ఇప్పుడు జొన్న కోతలు. చెయ్యి ఇంకా భుజం దాటి లేవదు, సాయంత్రానికి ఉబ్బుతుంది. కొప్పు అనసూయ వేస్తోంది. “అమ్మా, జర వంగు” అంటుంది. కూతురి ముందు తల వంచుకుని కూర్చోవడం...

పుష్య బహుళ సప్తమి

పత్తిలో గింజలు ఏరి, పాత ధోవతి గుడ్డలో కుట్టి రవికలో పెట్టుకున్నాను. పైకి రెండు వైపులా ఒకటిగానే ఉంది. చెమట పడితే బరువెక్కుతుంది. అయినా నయం.

మాఘ శుద్ధ పంచమి

కొత్తకోటలో పెళ్లి. పసుపు పళ్లెం అందుకోబోయి వంగాను. దూది జారి నడుము దగ్గరికి వచ్చింది. పెళ్లిపిల్ల మేనత్త చూసింది. “ఏందమ్మా, నడుముకు ఏం కట్టుకున్నవ్?” పక్కన ఉన్నవాళ్లు నవ్వారు. ఆమెకు తెలియదు పాపం.

కొంగు గట్టిగా పట్టుకుని బండి చాటుకు పోయి నిలబడ్డాను. భోజనం చెయ్యలేదు. తిరిగొచ్చే దారి పొడుగునా ఆయన ఒక్క మాట అడగలేదు. ఎడ్లను అదిలిస్తూనే ఉన్నారు. నన్ను చూసి సిగ్గుపడ్డారేమో.

మాఘ శుద్ధ అష్టమి

ఆయన పడక వసారాలోనే. “చెయ్యికి తగుల్తదేమో” అంటారు. గాయం ఎప్పుడో మానింది.

మాఘ పౌర్ణమి

అత్త రొట్టె కాలుస్తూ, నా వైపు చూడకుండా చెప్పింది. “మన రంగమ్మకు గూడ గట్లనే గడ్డ లేచిందంట. లింగాల నుంచి కబురొచ్చింది. పట్నం పోనంటున్నదంట.”

“ఎందుకు?”

రొట్టె తిప్పింది. “వదినె లెక్క బతుకుడు నాతోని గాదు అంటదంట.”

మాఘ బహుళ పాడ్యమి

ఆడబిడ్డ మాట చెవిలోంచి పోవడం లేదు. పెళ్లిలో తనూ ఉంది. బండి చాటున నేను నక్కడం చూసే ఉంటుంది. నా బతుకు చూసి ఇంకొక మనిషి చావే నయమనుకుంది.

మాఘ బహుళ తదియ

“లింగాల పోదాం” అన్నాను. ఆయన నా మొహం వైపు కాసేపు చూసి, బండి కట్టారు.

మాఘ బహుళ పంచమి, లింగాల

మధ్యాహ్నం. మగవాళ్లు చేలో ఉన్నారు. రంగమ్మను సొప్ప కొట్టంలోకి పిలిచాను. “తలుపు పెట్టు” అన్నాను. రవిక విప్పాను. పుట్టిన తరువాత ఇంత సిగ్గు ఎరగను.

మొదట మొహం తిప్పుకుంది. తరువాత చూసింది. దగ్గరికొచ్చింది.

“గింతేనా? బొంద లెక్క లోతుగ ఉంటదనుకున్న, వదినె.” మచ్చ మీద వేలు పెట్టింది. “నొస్తదా?”

“చెయ్యి గుంజుతది. నీళ్ల బిందె ఎత్తలేను. ఒక్కోనాడు ఊకెనే ఏడుపొస్తది. కానీ బతికున్న గద.”

మచ్చ మీది నుంచి వేలు తీసింది. తరువాత మెల్లగా... “అన్న చూసిండా?”

“చూసిండ్రు” అన్నాను.

“ఏమన్నడు?”

“ఏమనలే. నిమ్మళంగనే ఉన్నరు.”

అప్పుడు ఏడ్చింది. “మా ఆయన ముందల ఎట్ల నిలవడాలె అనే పరేషాన్ నాది. అన్న గట్ల ఉన్నడంటే... వస్త. నువ్వు నా ఎంబడి రావాలె.”

ఆయన ఇంతవరకు చూడనే లేదు. అబద్ధం మీద నిలబెట్టాను ఆమెను. రవిక వేసుకుంటుంటే గుండీలు అందలేదు. తనే పెట్టింది.

మాఘ బహుళ నవమి

తిరిగి మా ఊరు ఘణపూర్ వచ్చేశాం. రేపు రంగమ్మ వస్తుంది, ఇక్కడి నుంచే పట్నం. వచ్చీ రాగానే అన్నతో ఆ మాట ఎత్తుతుంది. ఆయన మొహంలో ఏం కనబడుతుందో.

మాఘ బహుళ దశమి

పొద్దున్నే స్నానం చేశాను. చీర చుట్టుకున్నాను, రవిక వేసుకోలేదు. అత్త, అనసూయ చేనుకు పోయారు. “జర లోపలికి రాండ్రి” అని కేక వేశాను. “ఎడ్లకు నీళ్లు పెట్టి వస్త” అన్నారు.

కూర్చోలేక ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను. తొట్టి దగ్గర చప్పుడు ఆగింది. గడప అవతల చెప్పులు విడిచారు.

“ఏంది?” అంటున్నారు, అక్కడే నిలబడి.